గాలిలోని తేమ – దాని లెక్క

వర్షాకాలమున ఉప్పుజాడీలో ఎవరును నీరు పోయరు. అయినను రెండుమూడు దినములు ముసురు పట్టినదనగా ఉప్పు చెమ్మగిల్లును, గడ్డకట్టును, ఒక్కొక్కప్పుడు జాడీ అడుగున నీరు నిలుచును. వేయించి ఉంచిన అప్పడములు మెత్తబడును. తలుపులు ఉబ్బి ద్వారబంధమునకు పట్టుకొనును. దండెముమీది బట్టలు మూడవనాటికిని ఆరవు. ఆ ఇంటనే వైశాఖమాసమున తడిగుడ్డ గడియలో ఎండిపోవును, పెదవులు పగులును, చెక్కపెట్టెల అతుకులు విచ్చుకొనును. ఈ మార్పులన్నిటికిని కారణమొక్కటే. గాలిలో కంటికి కానరాక ఉండు నీటియావిరి ఒకప్పుడు హెచ్చుగాను, ఒకప్పుడు తక్కువగాను ఉండుటయే ఆ కారణము.

గాలిలో తేమ ఉండునన్న మాట అందరును ఎరిగినదే. అది ఎంత యున్నదో చెప్పుట మాత్రము అంత సులభము కాదు. వాతావరణ వార్తలలో ‘గాలిలో తేమ 70 శాతము’ అని వినుచుందుము. ఏమి 70 శాతము? గాలిలో నూటికి 70 వంతులు నీరున్నదని దాని అర్థము కాదు. అట్లున్నచో మనము ఊపిరి పీల్చుటయే సాధ్యము కాకపోవును. ఆ శాతమునకు అర్థమేమి? తేమను మన ఇంటనే కొలిచి లెక్కించుట ఎట్లు? ఆ లెక్క వేసవిలో మన ప్రాణరక్షణకు ఎట్లు ఉపకరించును? ఈ మూడు విషయములను గూర్చి ఈ ప్రసంగమున చెప్పదలచినాము. శాతమును ఒక్కదానిని చూచి తేమను నిర్ణయింపరాదు. దాని ప్రక్కన ఉష్ణోగ్రత ఉండితీరవలెను. ఈ రెంటిని కలిపి ఒక్క అంకెలో చెప్పగల సాధనమొకటి కలదు. అది తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము.

మొదట ఒక ప్రకృతి నియమమును గ్రహింపవలెను. ఒక ఘనమీటరు స్థలములో ఎంత నీటియావిరి ఇముడగలదో ఆ స్థలము యొక్క ఉష్ణోగ్రతయే నిర్ణయించును. 15 సెంటీగ్రేడు డిగ్రీలకడ ఒక ఘనమీటరులో సుమారు 12.8 గ్రాముల ఆవిరి పట్టును. 20 డిగ్రీలకడ 17.3 గ్రాములు, 25 డిగ్రీలకడ 23 గ్రాములు, 30 డిగ్రీలకడ 30.4 గ్రాములు, 35 డిగ్రీలకడ 39.6 గ్రాములు, 40 డిగ్రీలకడ 51.1 గ్రాములు పట్టును. 20 డిగ్రీలు 40 డిగ్రీలగుసరికి వేడి రెట్టింపైనట్లు కనబడును గాని, ఆవిరికి గల చోటు దాదాపు మూడు రెట్లగుచున్నది. ఇంతకు మించి ఆవిరి చేరినచో అది ఆవిరిగా నిలువక మంచుగానో, పొగమంచుగానో, మేఘముగానో నీటిరూపము దాల్చును. ఈ హద్దునందుకొన్న స్థితిని సంతృప్తస్థితి అందురు. గాలి స్పంజివలె నీటిని పీల్చి పట్టియుంచునని వాడుకలో చెప్పుట కలదు. నిజమునకు ఈ హద్దు గాలివలన ఏర్పడినది కాదు. గాలిని తీసివేసిన పాత్రలోనైనను, అదే ఉష్ణోగ్రతకడ, దాదాపు అంత ఆవిరియే పట్టును.

ఇప్పుడు శాతము సంగతి చూతము. ఆ ఉష్ణోగ్రతకడ పట్టగల ఆవిరిలో నూటికి ఎన్ని వంతులు ఇప్పుడు గాలిలో ఉన్నదో తెలుపునదే వార్తలలో వినవచ్చు శాతము. దీనిని సాపేక్ష ఆర్ద్రత అందురు. ఘనమీటరునకు ఇన్ని గ్రాములని చెప్పునది పరమ ఆర్ద్రత. ఒక బిందెలో సగము నీరున్నదన్నమాట సాపేక్ష ఆర్ద్రత వంటిది. ఇన్ని లీటర్ల నీరున్నదన్నమాట పరమ ఆర్ద్రత వంటిది. బిందె పెద్దదో చిన్నదో తెలియక సగమున్నదని చెప్పినంతమాత్రమున నీరెంతో తెలియదు కదా! గాలి విషయమున బిందె పరిమాణమును మార్చునది ఉష్ణోగ్రత.

ఒక ఉదాహరణము తీసికొందము. హైదరాబాదులో శీతకాలపు వేకువను ఉష్ణోగ్రత 15 డిగ్రీలు, తేమ 90 శాతము అనుకొందము. 15 డిగ్రీలకడ పట్టునది 12.8 గ్రాములు, అందు 90 శాతమనగా సుమారు 11.5 గ్రాములు. మధ్యాహ్నమునకు ఎండ కాసి ఉష్ణోగ్రత 30 డిగ్రీలైనది. గాలిలో క్రొత్తగా నీరు చేరలేదు, ఉన్నది పోలేదు. కాని 30 డిగ్రీలకడ పట్టునది 30.4 గ్రాములు. 11.5ను 30.4 చేత భాగించి నూటితో గుణించినచో 38 వచ్చును. వేడిచేత గాలి కొంచెము వ్యాకోచించును గనుక నిజముగా మరియొకటి రెండు తగ్గును. ఉదయము 90 శాతమున్న తేమ మధ్యాహ్నము 40 లోపునకు దిగినది. నీరు మాత్రము ఎక్కడికిని పోలేదు! భారత వాతావరణ శాఖవారు ఉదయము 8.30కి ఒకసారి, సాయంకాలము 5.30కి ఒకసారి తేమను ప్రకటించుటలో ఆంతర్యమిదియే. ఏ వేళ తీసిన శాతమో తెలియనిచో ఆ అంకెకు విలువ స్వల్పము.

మరియొక పోలిక. ఒకచోట 15 డిగ్రీలు, 80 శాతము. వేరొకచోట 35 డిగ్రీలు, 50 శాతము. వినుటకు మొదటిదే హెచ్చు తేమగల చోటువలె తోచును. లెక్కించి చూడుడు: మొదటిచోట 10.2 గ్రాములు, రెండవచోట 19.8 గ్రాములు. శాతము తక్కువైనచోటనే నీరు దాదాపు రెట్టింపు ఉన్నది. కనుక 50 శాతమని విని ‘నేడు గాలి పొడిగా ఉన్నది’ అనుకొని, ఎండలో కష్టపడి పనిచేయువాడు మోసపోవును.

ఇక ఇంటనే తేమను తెలిసికొను ఉపాయములు చెప్పెదము. మొదటిది మెరుగుపెట్టిన స్టీలు గ్లాసు. గ్లాసులో గది చల్లదనము గల నీరుపోసి, ఒక ఉష్ణమాపకము నుంచి, చిన్నచిన్న మంచుముక్కలు ఒక్కొక్కటిగా వేయుచు కలుపవలెను. నీరు చల్లబడుకొలది ఒక క్షణమున గ్లాసు వెలుపలి అద్దమువంటి మెరుపు మాసి, సన్నని చెమ్మ పట్టును. అప్పటి ఉష్ణోగ్రతను గుర్తింపవలెను. దానినే తుషారస్థానము అందురు. గ్లాసును తాకిన గాలి అంతవరకు చల్లబడి సంతృప్తమైనదన్నమాట. లండనులోని రసాయనశాస్త్రవేత్త జాన్ ఫ్రెడరిక్ డేనియల్ 1820లో ఈ సూత్రము పైననే ఒక ఆర్ద్రతామాపకమును నిర్మించెను. మన పాఠశాలలలో పిల్లలు చదువు డేనియల్ ఘటమును 1836లో కనిపెట్టినవాడును ఆయనయే.

గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, గ్లాసుపై చెమ్మ పట్టినది 25 డిగ్రీలకడ అనుకొందము. 25 డిగ్రీలకడ సంతృప్తికి కావలసినది 23 గ్రాములు. కాబట్టి గదిలోని ప్రతి ఘనమీటరునందును సుమారు 23 గ్రాముల ఆవిరి ఉన్నది. 30 డిగ్రీలకడ పట్టునది 30.4. మొదటిదానిని రెండవదానిచేత భాగించి నూటితో గుణించినచో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతము. కాగితము కలము లేనివారికి ఒక నోటిలెక్క కలదు. గది ఉష్ణోగ్రతకును తుషారస్థానమునకును గల భేదములో ప్రతి డిగ్రీకి 5 చొప్పున నూటినుండి తీసివేయవలెను. ఇచట భేదము 5 డిగ్రీలు; అయిదైదులు ఇరువదియైదు; మిగిలినది 75. తేమ 50 శాతమునకు పైబడియున్నప్పుడు ఈ నోటిలెక్క చాలవరకు సరిపోవును. అంతకు దిగువను దీనిని నమ్మరాదు.

ఈ అంకెను ఒక గదికి వర్తింపజేసి చూతము. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల గది 36 ఘనమీటర్లు. ఘనమీటరునకు 23 గ్రాములచొప్పున 828 గ్రాములు. అనగా శూన్యముగా కనబడు ఆ గదిలో ఒక చెంబెడు నీరు ఆవిరియై తేలుచున్నది!

తేమ హెచ్చుతగ్గులకు వెండ్రుక సాగి ముడుచుకొనుటను గమనించి, జెనీవా నగరవాసియైన సోస్యూర్ పండితుడు వెండ్రుకతోనే ఒక ఆర్ద్రతామాపకమును చేసి, 1783లో ఆ విషయమై గ్రంథము ప్రకటించెను. తరువాత చాలకాలము అట్టి సాధనములు వాడుకలో ఉండెను. నేడు అంగళ్ళలో అంకెలు చూపు చిన్న విద్యుత్ సాధనములు కొలది వెలకే లభించుచున్నవి. అవి చూపునది నిజమో కాదో పరీక్షించుటకు వంటింటి ఉప్పే చాలును. ఒక సీసామూతలో ఉప్పుపోసి, అది ముద్దయగునంతమాత్రము నీటితో తడిపి, గాలిచొరని డబ్బాలో ఆ సాధనముతోపాటు ఉంచి మూయవలెను. ఒక రాత్రి గడచినపిదప సాధనము 75 శాతము చూపవలెను. తడిసిన ఉప్పు తనచుట్టునున్న గాలిని ఎల్లప్పుడును సుమారు 75 శాతముకడనే నిలుపును. గాలిలో తేమ 75 దాటినపుడు ఉప్పు నీరు లాగుకొనును, తగ్గినపుడు విడిచిపెట్టును. వర్షాకాలపు ఉప్పుజాడీ రహస్యమిదియే. సాధనము 80 చూపినచో అది అయిదు హెచ్చుగా చెప్పుచున్నదని గుర్తుంచుకొని వాడుకొనవచ్చును.

అన్నిటికంటె ఉత్తమమైనది రెండు ఉష్ణమాపకముల పద్ధతి. దాని మూలసూత్రము మన ఇంటి మట్టికూజాలోనే ఉన్నది. కూజా గోడలనుండి చెమర్చిన నీరు ఆవిరియగుచు లోపలి నీటినుండి వేడిని తీసికొనిపోవును. ఒక గ్రాము నీటిని మంచుస్థితినుండి మరుగుస్థితివరకు కాచుటకు 100 కేలరీల వేడి చాలును. కాని అదే గ్రాము మామూలు వేడిమికడ ఆవిరియగుటకు సుమారు 580 కేలరీలు కావలెను. ఈ వేడియంతయు కూజానుండి పోవుటచేతనే నీరు చల్లబడుచున్నది. గాలి పొడిగా ఉన్నచో నీరు త్వరగా ఆవిరియగును, చల్లదనము హెచ్చును. గాలి తేమగా ఉన్నచో ఆవిరియగుట మందగించును, చల్లదనము తగ్గును. కనుక ఎంత చల్లబడినదో కొలిచినచో గాలిలో తేమయెంతో తెలిసిపోవును.

సాధనము చేయువిధము: ఎఱ్ఱని ద్రవము గల గదిఉష్ణమాపకములు రెండు తెచ్చి, ప్రక్కప్రక్కన అరగంట ఉంచి, రెండును ఒకే అంకె చూపుచున్నవో లేదో చూచుకొనవలెను. జ్వరము చూచు ఉష్ణమాపకములు ఇందులకు పనికిరావు. ఒకదాని బల్బునకు ఉతికిన పలుచని నూలుగుడ్డ చుట్టి, దాని కొసను చిన్నగిన్నెలోని శుభ్రమైన నీటిలో వ్రేలాడనీయవలెను. ఉప్పునీరు కూడదు, పట్టి ఉంచిన వాననీరు మేలు. రెంటిని నీడపట్టున, వంటపొయ్యికి దూరముగా, నేలకు నాలుగడుగుల ఎత్తున వ్రేలాడగట్టవలెను. తరువాత విసనకర్రతో మూడునాలుగు నిమిషములు బాగుగా విసరి, ముందు తడిబల్బును, వెంటనే పొడిబల్బును చూడవలెను. వాతావరణ కేంద్రములలో ఈ జంటను గాలియాడు పలకలుగల తెల్లని పెట్టెలో ఉంచుదురు. ఆ పెట్టెను రూపొందించిన థామస్ స్టీవెన్సన్ దీపస్తంభములను నిర్మించిన ఇంజనీరు; ప్రసిద్ధ ఆంగ్ల రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కు తండ్రి.

లెక్కకు ఒక చిన్న పట్టిక కావలెను. ఇందులో గ్రాములకు బదులు ఆవిరి కలిగించు ఒత్తిడిని మిల్లీబారులలో చెప్పుదురు; నేటి శాస్త్రజ్ఞులు దీనినే హెక్టోపాస్కలు అందురు. సంతృప్తావిరి ఒత్తిడి 20 డిగ్రీలకడ 23.4, 22 కడ 26.4, 24 కడ 29.8, 26 కడ 33.6, 28 కడ 37.8, 29 కడ 40.1, 30 కడ 42.4, 35 కడ 56.2, 40 కడ 73.8 మిల్లీబారులు. ఈ పట్టికను ఒక అట్టపై వ్రాసి ఉష్ణమాపకముల ప్రక్కన తగిలించుకొనవచ్చును. సూత్రమిది: తడిబల్బు ఉష్ణోగ్రతకు పట్టికలోని ఒత్తిడిని తీసికొని, అందుండి పొడి తడి బల్బుల భేదమును 0.66 చేత గుణించిన మొత్తమును తీసివేయవలెను. మిగిలినదే గాలిలోని ఆవిరియొత్తిడి. దానిని పొడిబల్బు ఉష్ణోగ్రతకు పట్టికలోని ఒత్తిడిచేత భాగించి నూటితో గుణించినచో సాపేక్ష ఆర్ద్రత వచ్చును. ఈ 0.66 సముద్రమట్టమున, బాగుగా విసరినపుడు వర్తించును. విసరక, గాలి మందముగా ఆడుచోట చూచినచో 0.80 తీసికొనవలెను.

మే నెలలో ఒక మధ్యాహ్నము విశాఖపట్టణమున పొడిబల్బు 35, తడిబల్బు 29 చూపినవనుకొందము. 29కి ఒత్తిడి 40.1. భేదము 6; దానిని 0.66 చేత గుణించినచో దాదాపు 4. నలుబదిలోనుండి నాలుగు తీసివేయగా మిగిలినది సుమారు 36.1. 35కి ఒత్తిడి 56.2. భాగించి గుణింపగా తేమ 64 శాతము. గ్రాములలో చెప్పవలెనన్నచో, 36.1ని 216.7 చేత గుణించి, పొడిబల్బు ఉష్ణోగ్రతకు 273 కలుపగా వచ్చిన 308 చేత భాగింపవలెను. ఘనమీటరునకు సుమారు 25.4 గ్రాములు.

ఆ వేళనే హైదరాబాదులో పొడిబల్బు 40, తడిబల్బు 22 అనుకొందము. హైదరాబాదు సముద్రమట్టమునకు అయిదువందల మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. అచట గాలియొత్తిడి తక్కువ గనుక 0.66కు బదులు 0.62 తీసికొనవలెను. భేదము 18, 0.62 చేత గుణించినచో 11.2. 22కి ఒత్తిడియైన 26.4నుండి తీసివేయగా 15.2. దీనిని 73.8 చేత భాగించి నూటితో గుణించినచో తేమ సుమారు 21 శాతము. గ్రాములలో 10.5. ఇందాకటి 36 ఘనమీటర్ల గదిని ఈ రెండు ఊళ్ళలోను కట్టినట్లు భావించినచో, విశాఖ గదిలో సుమారు 910 గ్రాముల నీరు, హైదరాబాదు గదిలో సుమారు 380 గ్రాముల నీరు ఉండును.

ఈ లెక్కవలన కలుగు మొదటి లాభము గృహిణులకును, ఇంటి యజమానులకును వెంటనే బోధపడును. నీరుపోయు కూలరు, పూర్వము కిటికీలకు కట్టి తడుపుచుండిన వట్టివేళ్ళ తడకలు, మట్టికూజా, ఇవన్నియు తడిబల్బు సూత్రముననుసరించి పనిచేయునవే. ఇవేవియు గాలిని తడిబల్బు అంకెకంటె చల్లపరుపజాలవు. మంచి కూలరు పొడి తడి బల్బుల భేదములో నూటికి 80 వంతులు సాధించును. హైదరాబాదులో ఆ భేదము 18 గనుక, 40 డిగ్రీల గాలి సుమారు 25.6 డిగ్రీలకు దిగి ప్రాణము లేచివచ్చినట్లుండును. విశాఖలో భేదము 6 మాత్రమే. 35 డిగ్రీల గాలి 30.2 కు దిగును, దానితోపాటు గదిలో తేమ పెరిగి ఉక్కపోత హెచ్చగును. ఒక ఊరిలో చుట్టమింట సుఖముగా పనిచేయు కూలరు వేరొక ఊరిలో పనిచేయకపోవుట యంత్రదోషము కాదు. కొనుటకుముందే తడిబల్బు చూచుకొన్నవారికి డబ్బు మిగులును.

పరిశ్రమలలోను ఈ లెక్కకు గొప్ప స్థానము కలదు. నూలుపోగు తేమ తగ్గినచో పెళుసై తెగును. అందుచేతనే నూలుమిల్లులలో గాలికి తేమ నందించు ఏర్పాట్లు ఉండును. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయమున తేమ మార్పులకు కాగితము సాగి ముడుచుకొనుచు, రంగుపై రంగు సరిగా పడక చిక్కు కలిగినది. ఆ చిక్కు తీర్చుటకు పూనుకొన్న విల్లిస్ కేరియర్ అను యువ ఇంజనీరు గాలిలోని తేమను అదుపుచేయు యంత్రమును రూపొందించెను. నేటి ఎయిర్ కండిషనరు పుట్టుక అది. మొదట చల్లదనముకొరకు కాక తేమ అదుపుకొరకు పుట్టిన యంత్రమిది యని చాలమందికి తెలియదు. 1911లో ఆయన ప్రకటించిన తేమ సూత్రములు ఆ విద్యకు పునాదులైనవి.

ఇంతవరకు వస్తువుల సంగతి. ఇక మనుష్యుని సంగతి. ఎండవేళ మన దేహమే ఒక మట్టికూజా. దేహము లోపల సుమారు 37 డిగ్రీలు, చర్మము సుమారు 35 డిగ్రీలు ఉండును. చుట్టునున్న గాలి చర్మముకంటె వేడియైనపుడు దేహమునందు పుట్టిన వేడి పోవుటకు చెమట ఆవిరియగుట తప్ప వేరు మార్గము లేదు. ఇచట ఒక్క మాట మరువరాదు: చెమట పట్టుటవలన చల్లదనము కలుగదు, పట్టిన చెమట ఆవిరియగుటవలననే కలుగును. తీరప్రాంతమున ఒంటినుండి ధారగా కారి నేలపాలగు చెమట మన నీటిని, ఉప్పును హరించును గాని వేడిని తీసికొనిపోదు. ఒళ్ళంతయు తడిసినను ఉపశమనము లేకపోవుట తడిబల్బు అంకె పెరిగినదనుటకు గుర్తు.

తడిబల్బు 35 డిగ్రీలకు చేరినచో, నీడలో కూర్చుండి, ఒళ్ళు తడుపుకొని, విసరుకొన్నను దేహమునుండి వేడి బయటకు పోదు. ఆరోగ్యవంతుడైనను కొన్నిగంటలకు మించి బ్రతుకజాలడని 2010లో శాస్త్రజ్ఞులు లెక్కించి చూపిరి. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయమువారు యౌవనులైన ఆరోగ్యవంతులపై ప్రయోగములు చేయగా, తేలికపని చేయుచున్నప్పుడు తడిబల్బు సుమారు 31 డిగ్రీలకడనే దేహము తన వేడిని అదుపుచేసికొనలేకపోయినట్లు తేలినది. ఇది యౌవనవంతుల మాట. ముదుసలులకు, పసిపిల్లలకు, గర్భిణులకు, గుండెజబ్బు గలవారికి, ఎండలో మట్టి తవ్వువారికి ఈ హద్దు ఇంకను దిగువనే ఉండునని గ్రహింపవలెను. పైన చెప్పిన విశాఖ మధ్యాహ్నపు 29 డిగ్రీలు ఈ హద్దునకు ఎంత చేరువనున్నదో శ్రోతలే చూడగలరు. హైదరాబాదు ఎండ అయిదు డిగ్రీలు హెచ్చైనను తడిబల్బు 22 మాత్రమే.

అట్లని పొడియెండ అపాయము కానిదని అనుకొనరాదు. అచట చెమట పట్టిన తక్షణమే ఆరిపోవుటచేత ఎంత నీరు కోల్పోవుచున్నామో తెలియదు. దాహము వేయకమునుపే దేహము ఎండిపోవును. తేమవేడిమి చెమట పనిచేయకుండ చంపును; పొడివేడిమి చెమట తరిగిపోవునట్లు చేసి చంపును. మొదటిదానికి విరుగుడు నీడ, విశ్రాంతి, గాలి. రెండవదానికి ముఖ్యముగా నీరు, ఉప్పు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా మరణించిరి. తీరమునను, లోపలి మైదానములలోను మరణములు సంభవించినవి.

వాతావరణ శాఖవారు ఈ భేదమును తమ నిబంధనలలోనే గుర్తించిరి. మైదానములలో గరిష్ఠోష్ణోగ్రత కనీసము 40 డిగ్రీలు ఉండి, మామూలుకంటె 4.5 డిగ్రీలు హెచ్చైనచో వడగాలి యందురు. సముద్రతీర కేంద్రములకు 37 డిగ్రీలే చాలును. తీరమున వేడి తక్కువైనను బాధ తక్కువ కాదని దీని భావము. మధ్యాహ్నము సముద్రపుగాలి తగిలినచో తీరవాసులకు పొడిబల్బు దిగును. పడమటిగాలి బలముగా వీచి సముద్రపుగాలిని రానీయని దినమున కోస్తాలోను 45 డిగ్రీలు దాటుట కలదు. ఏ గాలి వీచుచున్నదో, అది వేడిని తెచ్చుచున్నదో తడిని తెచ్చుచున్నదో, ఈ రెండు బల్బులును కలిసి చెప్పగలవు.

మరియొక కారణముచేతను ఈ లెక్క నేర్వవలసియున్నది. భూగోళము వేడెక్కుచున్నది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినచో ఆవిరికి గల హద్దు సుమారు 7 శాతము పెరుగును. సముద్రములనుండి అంత హెచ్చుగా ఆవిరి లేచుటకు వీలు కలుగును. అందుచేత మన తీరప్రాంతములలో రానున్న వేసవులు వేడిమితో మాత్రమే కాక తడితోను బాధించును. పొడి ఉష్ణమాపకమును మాత్రమే చూచువానికి ఈ మార్పు సగమే తెలియును.

ఇక ఆచరణకు వత్తము. పొలములో, ఇటుకబట్టీలో, రేవులో, కట్టడములకడ పనిచేయించువారు నీడలో ఈ జంట ఉష్ణమాపకములను వ్రేలాడగట్టుకొనుట పెద్ద ఖర్చు కాదు. తడిబల్బు 28 దాటినదనగా బరువుపనులను ఆపి, ఉదయ సాయంకాలములకు మార్చుట మంచిదని మా సలహా. ఆ అంకెకు లోపుగా ఉన్నను పొడిబల్బు 40 దాటినచో గంటగంటకు నీరు, ఉప్పువేసిన మజ్జిగ, గంజి త్రాగించవలెను. చెమట ఆరుటకు వీలుగా వదులైన నూలుబట్టలు కట్టవలెను. ఇరుకుగదిలో కూలరు పెట్టువారు ఎదుటి కిటికీ తెరచియుంచవలెను. లేనిచో తేమ లోపలనే పేరుకొని తడిబల్బునకును పొడిబల్బునకును గల భేదము హరించును. ఎండదెబ్బ తగిలి ఒళ్ళు కాలిపోవుచు, మాట తడబడి, తెలివి తప్పుచున్నవానిని నీడకు చేర్చి, ఒంటిపై నీరు పోసి బాగుగా విసరుచు, వెంటనే 108 సంఖ్యకు తెలియజేయవలెను. తెలివిలేనివాని నోట నీరు పోయరాదు.

పాఠశాల పిల్లలున్న ఇండ్లలో ఒక సెలవుదినమున ఈ సాధనము చేయించి, రోజు ఉదయము 8.30కి, సాయంకాలము 5.30కి రెండు అంకెలను నోటుబుక్కులో వ్రాయించుడు. వాతావరణ వార్తలలో వినవచ్చు శాతముతో తమ లెక్కను పోల్చుకొందురు. ఒక మాసము గడచుసరికి వానరాకకు ముందు తడిబల్బు ఎట్లు లేచునో, చలిగాలికి ఎట్లు దిగునో వారే చెప్పగలరు. అటుపిమ్మట ‘నేడు తేమ 60 శాతము’ అని రేడియోలో వినినపుడు, ‘ఎన్ని డిగ్రీలకడ?’ అని ఇంటిలో ఒకరు ప్రశ్నింతురు. ఆ ప్రశ్న అడిగి, తడిబల్బు వంక చూచి, ఆ మధ్యాహ్నము పనికి పోదలచిన పెద్దవారిని ఒకరిని ఇంటికడ ఆపగలిగినచో, ఈ లెక్క నేర్చినందుకు ఫలము దక్కినట్లే.